కొత్తగా బిగించిన కంప్యూటర్‌కు ఉలుకూ పలుకూ లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తబోర్డు:
మా చెల్లెలి యానిమేషన్ కోర్సు కోసం మొదటిసారి నా చేతులతో కంప్యూటర్ బిగించాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బి650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యాములు రెండు, భాగాలన్నింటికీ కరెంటు అందించే 750 వాట్ల మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడివచ్చే) ఎస్‌ఎంపీఎస్ తీసుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొంటాను. బటన్ నొక్కితే ఫ్యాను తిరగదు, ఒక్క లైటూ వెలగదు. ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్ ఆన్‌లోనే ఉంది. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల కేబుల్ పొట్టిగా ఉండటంతో పాత ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన పొడవైనది పెట్టాను; మిగతావన్నీ పెట్టెలో వచ్చినవే. వారం దాటితే దుకాణం వారు వెనక్కి తీసుకోరు కాబట్టి ఏ భాగం పాడైందో త్వరగా తేల్చుకోవాలి. ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ దీనికి సరిపోతుందా అన్నది రెండో ప్రశ్న.

బందరుకాలువ:
ముందు క్యాబినెట్ బటన్ నుంచి వచ్చే సన్నని రెండు పిన్నుల వైరును చూడండి. నేను దాన్ని ఒక వరుస కింద, రీసెట్ పిన్నులకు తగిలించి, మూడు రాత్రులు నిద్ర లేకుండా ప్రతి భాగాన్నీ విప్పి బిగించాను. స్విచ్‌కు ధన, రుణాల పట్టింపు లేదు, అది లైట్లకు మాత్రమే ఉంటుంది. కానీ చోటు తప్పితే బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండదు. ఆ వైరు తీసేసి, పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి, బటన్ చేసే పనీ అదే. మదర్‌బోర్డు మాన్యువల్ దగ్గర పెట్టుకోకుండా మాత్రం ఆ పని చేయకండి.

పార్క్‌లేన్ మెకానిక్:
సికింద్రాబాదులో 19 ఏళ్లుగా ఇదే నా వృత్తి. ఊహలు వదిలి, ఎస్‌ఎంపీఎస్ బతికుందో లేదో ముందు తేల్చండి. 24 పిన్నుల కేబుల్‌ను మదర్‌బోర్డు నుంచి తీసి, పచ్చ వైరునూ పక్కనున్న నల్ల వైరునూ జెమ్ క్లిప్పుతో కలిపి, అప్పుడు వెనుక స్విచ్ వేయండి. ఫ్యాను తిరిగితే ఎస్‌ఎంపీఎస్ మంచిది, తిరగకపోతే అది పోయినట్టే, వెంటనే దుకాణానికి తీసుకుపోండి.

మంజీరా:
క్షమించండి, ఈ సలహా వల్లే నేను మంచి ఎస్‌ఎంపీఎస్‌ను పాడైందని వాపసు పంపి, పన్నెండు రోజులు పోగొట్టుకున్నాను. ఈ కాలపు ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావాటికి లోడు (భాగాలు లాగే కరెంటు) తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాను అసలు తిరగదు, అలాగే తయారుచేస్తారు. పైగా మాడ్యులర్ కేబుళ్లన్నీ నలుపే, పచ్చ వైరు ఎక్కడ వెతకమంటారు? పదహారో పిన్ను అని చెప్పాలి, దానికి రెండు పక్కలా ఉన్నవి గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే సున్నా వోల్టుల లైను) అని చెప్పాలి. లెక్క తప్పిన కొత్తవాడు 12 వోల్టుల పిన్నును గ్రౌండుకు కలిపితే బాధ్యత ఎవరిది?

పార్క్‌లేన్ మెకానిక్:
నేను రోజుకు నాలుగు ఎస్‌ఎంపీఎస్‌లు పరీక్షిస్తాను, మీరు జీవితంలో ఒక్కటి వాపసు పంపారు. పదహారో పిన్నులో ఉండేది ఎస్‌ఎంపీఎస్‌ను ఆన్ చేయించే 5 వోల్టుల సంకేతం, దానివల్ల షాకు కొట్టదు. ఫ్యాను మీద నమ్మకం లేకపోతే మల్టీమీటరు తీసుకోండి: తొమ్మిదో పిన్నులో, కంప్యూటర్ ఆపి ఉన్నా 5 వోల్టులు కనిపించాలి, ఆన్ అయ్యాక 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి.

మంజీరా:
ఈ మల్టీమీటరు మాట మొదటే చెప్పి ఉంటే నాకు అభ్యంతరమే ఉండేది కాదు. అయినా లోడు లేకుండా 12 వోల్టులు చూపించినంత మాత్రాన లోడు పడ్డాక నిలబడుతుందని రుజువు కాదు. అనుభవం ఉన్నవారు సగం చెప్పి ఆగడం వల్లే మాలాంటివారు నష్టపోతున్నారు.

పల్లెకరెంటు:
మీ ఇద్దరి వాదంలో ఎర్తింగ్ ఎవరికీ గుర్తు రాలేదు. మా ఊళ్లో ఎర్తు లేని సాకెట్టుకు పెడితే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడల్లా చేయి జిల్లుమనేది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా సుమారు సగం వోల్టేజీ క్యాబినెట్ మీదికి వస్తుందనీ, దాన్ని నేలలోకి పంపడానికే ప్లగ్గులో ఆ మూడో పిన్ను ఉందనీ మా ఎలక్ట్రీషియన్ చెప్పాడు. కొత్తబోర్డు గారూ, మీ సాకెట్టుకు ఎర్తు ఉందా?

నల్లరేగడి:
డీడీఆర్5 కదా, మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమొరీ ట్రైనింగ్‌కు, అంటే బోర్డు ర్యాములతో సర్దుబాటు చేసుకోవడానికి, కొన్ని నిమిషాలు పడుతుంది, తెర నల్లగా ఉందని ఆపేయకండి. నేను అలా ఆరుసార్లు ఆపి, బోర్డు పోయిందనుకుని కుమిలిపోయాను. ర్యాములు రెండూ ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి.

బందరుకాలువ:
నల్లరేగడి గారూ, ఆయనకు ఫ్యానే తిరగడం లేదు, తెర దాకా ఇంకా రాలేదు. ప్రశ్న చదివి జవాబు రాయండి.

సాగరతీరం:
ప్రశ్నను నిజంగా ఎవరూ చదవలేదు. ప్రాసెసర్‌కు పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ పెట్టానని ఆయన మొదటి పోస్టులోనే రాశారు! దయచేసి వెంటనే దాన్ని పీకేయండి. మదర్‌బోర్డు వైపు కొసలో ఏ పిన్ను ఏదో అందరికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు అలాంటి నియమం లేదు. ఒకే కంపెనీ తయారుచేసిన రెండు మోడళ్లకే తేడా ఉండవచ్చు. ప్లగ్గు చక్కగా పడుతుంది, లోపల మాత్రం 12 వోల్టులు పోయి గ్రౌండులో కలుస్తాయి. నేను హార్డ్ డిస్కులకు ఇలాగే పాత కేబుల్ పెట్టి, 5 వోల్టులు అందవలసిన చోట 12 వోల్టులు పంపి రెండు డిస్కులు కాల్చుకున్నాను. మా నాన్నగారి ఫొటోలు వాటిలోనే ఉన్నాయి, మరో కాపీ లేదు.

కొత్తబోర్డు:
మీ పోస్టు చదువుతూనే ప్లగ్గు తీసేశాను. కొత్త కేబుల్ మదర్‌బోర్డు వెనుక నుంచి తిప్పితే అందలేదు గానీ ముందువైపు నుంచి అడ్డంగా లాగితే అందింది. పది నిమిషాలు ఆగి బటన్ నొక్కితే అన్ని ఫ్యాన్లూ తిరిగాయి. తర్వాత తెర నల్లగానే ఉండిపోతే చెమటలు పట్టాయి; నల్లరేగడి గారి మాట గుర్తు వచ్చి ఆపకుండా కూర్చున్నాను, మూడో నిమిషంలో బయోస్ (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర) వచ్చి 32 జీబీ చూపించింది. సాగరతీరం గారూ, మీ ఫొటోల సంగతి చదివి మా చెల్లెలు కూడా బాధపడింది.

పార్క్‌లేన్ మెకానిక్:
పాత కేబుల్ గురించిన ఆ వాక్యాన్ని దాటవేయడం నా తప్పే. షార్టు కాగానే రక్షణ వ్యవస్థ పనిచేసి ఎస్‌ఎంపీఎస్ ఆగిపోయింది కాబట్టి బోర్డు దక్కింది. ఆ పాత కేబుల్‌ను పాత ఎస్‌ఎంపీఎస్‌కే టేపుతో చుట్టిపెట్టండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లు ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేనంతవరకు ఫైళ్లు భద్రపరచి ఆపుకోవడానికి అది చాలు, కార్డు పెట్టాక చాలదు. పెద్దది కొన్నప్పుడు ప్యూర్ సైన్ వేవ్‌ది (ఇంటి కరెంటులాంటి నునుపైన అలనే ఇచ్చేది) తీసుకోండి, మామూలువాటితో కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు కరెంటు పోయిన క్షణంలోనే ఆగిపోతాయి.

పల్లెకరెంటు:
యూపీఎస్ సంగతి తర్వాత, సాకెట్టుకు ఎర్తు ఉందో లేదో ఇంకా చెప్పలేదు.