వర్చువల్ ప్రపంచాల వల్ల సైన్సు నిజంగా వంటబడుతుందా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
వర్చువల్ ప్రపంచాలే రేపటి ప్రయోగశాలలని చెప్పేవారు హార్వర్డ్‌లో క్రిస్ డీడ్ బృందం బడిపిల్లల కోసం కంప్యూటర్‌లో తయారుచేసిన ‘రివర్ సిటీ’ అనే ఊహా పట్టణాన్ని తరచూ ఉదాహరిస్తారు. నాకు మాత్రం అనుమానమే. 2019లో మక్రాన్‌స్కీ, టెర్కిల్‌సెన్, మేయర్ ప్రచురించిన పరిశోధనలో 52 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒకే ప్రయోగశాల సిమ్యులేషన్‌ను మామూలు తెరమీదా, తలకు తొడుక్కునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) పరికరంలోనూ చేశారు. వీఆర్‌లో నిజంగా అక్కడే ఉన్నామన్న అనుభూతి హెచ్చింది, నేర్చుకున్నది మాత్రం తగ్గింది.

జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు:
రివర్ సిటీకి ఆ పరికరంతో పనే లేదండీ, మామూలు కంప్యూటర్ చాలు. ఒకదాని లోపాన్ని మరొకదానికి అంటగట్టకండి. పందొమ్మిదో శతాబ్దపు ఆ అమెరికన్ పట్టణంలో నీటి వల్ల, గాలి వల్ల, కీటకాల వల్ల వచ్చే మూడు జబ్బులు కలగాపులగంగా ఉంటాయి. పిల్లలు జట్లుగా తిరిగి, రోగుల వివరాలు సేకరించి, పరికల్పన చేసి, ఒకే ఒక్క అంశాన్ని మార్చి, మార్చిన పట్టణాన్ని మార్చని పట్టణంతో పోల్చి, చివరికి మేయరుకు ఉత్తరం రాయాలి. ఏ బడి పిల్లలకైనా ఒక ఊరు ఊరంతటినీ ఇలా ప్రయోగానికి అప్పగించగలమా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
పరికరం సంగతి ఒప్పుకుంటున్నాను టీచరుగారూ. అయితే మీరు మెచ్చుకున్నవన్నీ పోల్చడం, ఒక్క అంశాన్నే మార్చడం, ఉత్తరం రాయడం. వాటిలో వర్చువల్ పట్టణం పాలు ఎంత? సరుకు మోసుకొచ్చిన బండిని బట్టి తిన్నవారికి బలం రాదన్న అర్థంలో విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే బోధనా మాధ్యమాల గురించి వాదించారు.

డిగ్రీ విద్యార్థి:
సోషల్ నెట్‌వర్కుల మాట ఎవరూ ఎత్తలేదు. ప్రోటీన్ల ఆకారాన్ని తేల్చే వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారి ‘ఫోల్డిట్’ అనే ఆన్‌లైన్ ఆటలో క్రీడాకారులు జట్టుగా, ఎన్నో ఏళ్లుగా తేలని ఒక కోతి వైరస్ ఎంజైమ్ నిర్మాణాన్ని మూడు వారాల్లో తేల్చారని 2011లో ప్రకటించారు. అది గొప్పే, కాని ఆడినవారందరికీ జీవరసాయనశాస్త్రం వచ్చిందని దాని అర్థం కాదు. మా తరగతి వాట్సాప్ గ్రూపులో అయితే ఒకరు జవాబు పెట్టగానే మిగిలిన అరవై మందీ ఆలోచించడం మానేస్తారు. నేనూ అందులో ఒకణ్ణే.

జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు:
అందుకే నేను ముందుగా ఎవరి ఊహను వారి చేత నోటుపుస్తకంలో రాయించి, ఆ తరువాతే గ్రూపులో చర్చ తెరుస్తాను. క్లార్క్ మాటకు మాత్రం తల ఊపలేను. కొన్ని సరుకులు ఆ బండి లేనిదే ఊళ్లోకి రావు.