కరోనా చావు, టీబీ చావు, కుక్కకాటు చావు: ఏది ఎక్కువ ఘోరం?

అమలాపురం: 2021 మేలో మా పెదనాన్న కరోనాతో పోయారు. కన్నకొడుకు తలకొరివి పెట్టలేకపోయాడు, మొహమైనా చూపించకుండా కిట్లు వేసుకున్నవాళ్లు నలుగురు వచ్చి చుట్టి తీసుకెళ్లిపోయారు, అస్థికలు గోదాట్లో కలపడానికి కూడా నెల పట్టింది. ఇంతకంటే ఘోరమైన చావు లేదంటాను నేను. టీబీ, రేబిస్ లాంటివి ఎప్పుడూ ఉన్నవేగా, వాటితో దీన్ని పోల్చకండి.

భీమవరం: అన్నా, పెదనాన్నగారి సంగతి చదివితే మనసు పాడైంది. కానీ "ఎప్పుడూ ఉన్నవేగా" అన్నారు చూడండి, అక్కడే నాకు బాధ. కరోనా టీకా పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లందరికీ తెరిచిందే ఆ మే 1న, చాలామందికి అందనేలేదు. అదే టీబీ అయితే, దాని క్రిమిని రాబర్ట్ కోచ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది 1882లో, మందులు వచ్చి డెబ్బై ఏళ్లు దాటింది, సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఒక్క 2023లోనే ప్రపంచం మొత్తం మీద సుమారు 12.5 లక్షల మంది పోయారు. మా పిన్ని రొయ్యల షెడ్డులో పొట్టు వలిచేది. రెండు నెలలు మాత్రలు మింగేసరికి దగ్గు తగ్గింది, ఆరు నెలలు వాడాలని తెలిసి కూడా ఆపేసింది, ఎందుకంటే మాత్రల కోసం వెళ్తూ ఎవరి కంటైనా పడితే కూతురి సంబంధం తప్పిపోతుందని టెన్షన్. పోయాక కూడా ఇంట్లోవాళ్లు "ఆయాసం" అనే చెప్పారు. మీరు కనీసం కరోనా అని పేరు పెట్టి ఏడ్చారు.

రాజోలు: మా వీధిలో ఎనిమిదేళ్ల పిల్లాడు, కుక్క కరిచిందంటే తిడతారని దాచేశాడు. రోజూ పంట కాలువలో ఈదేవాడు, చివరికి గ్లాసుడు నీళ్లు చూపిస్తే గొంతు పట్టేసేది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు, ఆ సంగతి డాక్టరు చెప్పాక వాళ్లమ్మ మొహం నేను చూశాను. సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టి అన్ని డోసులూ వేయిస్తే బతికేవాడు. తెలివి ఉండగానే, అమ్మ పక్కనుండగానే పోవడం, నావరకు అంతకు మించింది లేదు.

అమలాపురం: "ఎప్పుడూ ఉన్నవేగా" అన్నది తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. తలకొరివి సంగతిలో మాత్రం నా మాట మారదు, మా అన్నయ్య ఈరోజుకీ దాని గురించి మాట్లాడడు. భీమవరం తమ్ముడూ, పిన్నిగారితో ఒకే ఇంట్లో ఉన్న ఆ అమ్మాయికి టీబీ పరీక్ష చేయించారా?

భీమవరం: లేదన్నా. ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. సోమవారం నేనే తీసుకెళ్తాను.