దూర భవిష్యత్తును తలచేవారికి నేటి అసమానత పట్టాలా?

ఉత్తర: వందల ఏళ్ల తర్వాత పుట్టబోయేవారి మేలు కోరి, మానవజాతి అంతరించే ముప్పులను తగ్గించే పనులకే నాలుగేళ్లుగా విరాళమిస్తున్నాను. అంత పెద్ద లెక్కలో నేటి అసమానత చిన్న పద్దని నమ్మాను. ఈ మధ్య ఆ నమ్మకం సడలుతోంది. ఇదే ఆలోచన చేసినవారు తమ అనుభవం చెప్పగలరా?

గణకుడు: నాకు సడలలేదు. తర్వాత కలిగే సుఖం తర్వాత కలుగుతుందన్న ఒక్క కారణంతో దాని విలువను తగ్గించడం నైతికంగా నిలవదని బ్రిటిష్ గణితవేత్త ఫ్రాంక్ రామ్సే 1928లోనే రాశాడు. ఏడాదికి 5 శాతం చక్రవడ్డీని తిరగేసినట్టు విలువను తగ్గించుకుంటూ పోతే, నూరేళ్ల తర్వాతి సుమారు 131 ప్రాణాలు నేటి ఒక్క ప్రాణానికి సాటి అవుతాయి. ఆ లెక్క స్వయంగా వేసి చూసుకున్న రోజునే నేను ఇటు మళ్లాను. ఆదాయాల మధ్య తేడా ఒక తరంలో పెరిగి మరో తరంలో తగ్గవచ్చు. అంతరించిన జాతి తిరిగి రాదు.

పట్టికలమనిషి: గణకుడు గారి లెక్కను కాదనను. అయితే ముప్పు ఎక్కడ మొదలవుతుందన్నది అందులో లేదు. నేను కొంతకాలం అంటువ్యాధుల నిఘా సమాచారాన్ని క్రోడీకరించాను. పట్టికలో కొన్ని ప్రాంతాల గడుల్లో వారాల తరబడి సున్నా కనిపించేది, నేనూ సంతోషించేవాణ్ని. అక్కడ జబ్బు లేక కాదు, పరీక్ష చేసే మనిషి లేక సున్నా వేస్తున్నారని ఆరు నెలలకు తెలిసింది. మశూచి సహజంగా సోకిన చివరి రోగి 1977లో సోమాలియాలో దొరికాడు. అంత పేద దేశంలోనూ ఇంటింటికీ వెళ్లి వెతికారు కాబట్టే 1980లో ఆ వ్యాధి నిర్మూలనను ప్రకటించగలిగారు. నా దృష్టిలో అది అసమానతను దాటి చేసిన పనే.

పాతపద్దులు: మరో కోణం. 1790లో మరణించిన అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాలకు చెరో వెయ్యి పౌండ్లు రాసిపెట్టి, వాటిని యువ చేతివృత్తులవారికి 5 శాతం వడ్డీకి అప్పుగా ఇస్తూ రెండు వందల ఏళ్లు పెంచమన్నాడు. సొమ్ము పెరిగి పది లక్షల డాలర్లు దాటింది కానీ, వృత్తుల తీరే మారిపోయి, అప్పు అడిగేవారు అరుదయ్యారు. మిగిలిన నిధిని దేనికి వాడాలో తేల్చింది ఆనాటికి నిర్ణయాధికారం చేతిలో ఉన్నవారే. అందుకే ఆదాయాల తేడా కంటే అధికారంలో తేడా నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. కొద్దిమంది చేతుల్లో అది గట్టిపడితే తరాలు గడిచినా సడలకపోవచ్చు.

గణకుడు: అధికారం మాట ఒప్పుకుంటాను. అయినా ప్రతి పేదరిక నిర్మూలన పథకాన్నీ భవిష్యత్తు పేరుతో సమర్థించకండి. ఇప్పుడున్నవారి బాధే దానికి చాలినంత కారణం.

ఉత్తర: ఈసారి విరాళంలో కొంత వ్యాధి నిఘాకు మళ్లిస్తాను. పట్టికలమనిషి గారూ, ఆ గడులను చివరికి ఎవరైనా నింపారా?

పట్టికలమనిషి: నేనున్నంత కాలం లేదండీ. సున్నా తీసేసి ఖాళీగా వదలడం మాత్రం మొదలుపెట్టాను. దాంతో ఎందుకు ఖాళీ అని పైవారు అడగసాగారు.