డచ్‌లో కప్పు కాఫీ, కాఫీ కప్పు

సభ్యులందరికీ నమస్కారం. డచ్ నేర్చుకుంటున్న మనవారు తిండి గురించి రాసే వాక్యాలలో ‘ఎన్ కొప్యె వాన్ కొఫీ’ అన్న ప్రయోగం తరచుగా కనిపిస్తున్నది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. ఇంగ్లీషు మీదుగా డచ్‌లోకి వెళ్లేవారు ఆ ‘వాన్’ను (ఇంగ్లీషు ‘ఆఫ్’కు సమానమైన మాట) వెంట తీసుకువెళతారు, కాని డచ్‌కు అది అక్కరలేదు. మనం ‘ఒక కప్పు కాఫీ’ అన్నట్టే వారు ‘ఎన్ కొప్యె కొఫీ’ అంటారు. ఇంకా ముచ్చటైన సంగతి ఏమిటంటే, మాటల వరుస మార్చి ‘కాఫీ కప్పు’ అంటే మనకు పాత్ర మాత్రమే స్ఫురించినట్టు, ‘కొఫీకొప్యె’ అని ఒకే పదంగా కలిపి రాస్తే వారికీ కాఫీ తాగే కప్పు అనే అర్థం. అందులో కాఫీ ఉండనక్కరలేదు. ‘ఖ్లాస్ వెయిన్’ (గ్లాసు వైన్), ‘వెయిన్‌ఖ్లాస్’ (వైన్ గ్లాసు) కూడా అంతే.

అయితే బహువచనంలో తెలుగును నమ్ముకోకూడదు. మనం రెండు గ్లాసుల వైన్, రెండు కిలోల బియ్యం అని రెండింటినీ ఒకే తీరుగా అంటాము. డచ్‌లో పాత్రకు బహువచనం వస్తుంది (‘ట్వే ఖ్లాజెన్ వెయిన్’), కిలో, లీటరు వంటి కొలతలకు రాదు (‘ట్వే కీలో రెయిస్ట్’, ‘డ్రీ లీటర్ మెల్క్’).

పదాల చివర చేరే ‘యె’, ‘ట్యె’ ప్రత్యయాన్ని వస్తువు చిన్నది అనడానికి గుర్తు అని మాత్రమే చెప్పి వదిలేయడం నాకు సరిపోదనిపిస్తుంది. ‘బీర్’ పదార్థం పేరు, ‘బీర్ట్యె’ ఎదుట పెట్టిన ఒక గ్లాసు బీరు. ‘బ్రోట్’ రొట్టె, ‘బ్రోట్యె’ చేతిలో పట్టుకుని తినే బన్ను. లెక్కకు అందని పదార్థాన్ని లెక్కపెట్టగల వస్తువుగా మార్చడం ఇక్కడ ఈ ప్రత్యయం చేసే అసలు పని. పైగా డచ్‌లో పేరుకు ముందు ఇంగ్లీషు ‘ది’ లాగా వచ్చే ‘డె’, ‘హెట్’లలో, ఇది చేరిన ఏకవచనానికి ఎప్పుడూ ‘హెట్’ వస్తుంది: ‘డె వెయిన్’ కాస్తా ‘హెట్ వెయింట్యె’ అవుతుంది.

ఇక ‘లుస్టెన్’ క్రియ తినే తాగే వాటి రుచికే చెందినది. శాకాహారులు విందులో ‘ఇక్ లుస్ట్ ఖేన్ వ్లేస్’ అంటే మాంసం రుచి నచ్చదని మాత్రమే తెలుస్తుంది. తినని నియమం తెలియాలంటే ‘ఇక్ ఏట్ ఖేన్ వ్లేస్’ అనాలి.