టీచర్లు పదేళ్ల ఒప్పందానికి సంతకం పెట్టాలా?

నల్లబల్ల:
2013 జనవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం పదేళ్ల ఒప్పందం చేసుకుందామని టీచర్ల సంఘం ముందు ప్రతిపాదన పెట్టింది. అప్పటికి అక్కడ కొన్నేళ్లకోసారి బేరాలు, సమ్మె నోటీసులు మామూలైపోయాయి. పదేళ్లకు ఒకేసారి సంతకాలైపోతే ఆ గోల ఉండదు, మిగతా ప్రభుత్వ ఉద్యోగులకు వచ్చే సగటు పెంపే టీచర్లకూ ఇస్తాం అన్నారు. సంఘం ససేమిరా అంది. 2014 జూన్‌లో పూర్తి సమ్మె మొదలైంది. వేసవి సెలవులు ముగిశాక కూడా బడులు సెప్టెంబరు 22 దాకా మామూలుగా నడవలేదు. ఆ సెప్టెంబరులో 12 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు రోజుకు 40 డాలర్ల చొప్పున ప్రభుత్వమే డబ్బులిచ్చింది. చివరికి ఆరేళ్ల దగ్గర రాజీ కుదిరింది, అందులో ఒక ఏడాది అప్పటికే గడిచిపోయింది.

నాకైతే పదేళ్లే నయమనిపిస్తుంది. పిల్లల చదువు ఆగదు, బడ్జెట్ వేసేవాళ్లకు ముందే లెక్క తెలుస్తుంది, టీచర్లకూ టెన్షన్ తగ్గుతుంది. అంత మొండిపట్టు దేనికి?

కూడికలు_తీసివేతలు:
పదేళ్లలో ధరలు ఎంత పెరుగుతాయో ఎవరికి తెలుసు? 2022 జూన్‌లో కెనడాలో ద్రవ్యోల్బణం 8.1 శాతం. అమెరికాలో అదే నెల 9.1. అంతకు ముందు ఏడాదికి ఒకటి, రెండు శాతం పెంపుకు సంతకం పెట్టినవాళ్ల పరిస్థితి ఆలోచించండి. మీరు చెప్పిన ఆరేళ్ల రాజీలో పెంపు మొత్తం కలిపి 7.25 శాతమే. ఏడాదికి ఒకటింపావు కూడా పడదు.

ఇంకోటి గమనించారా? ముడిపెడతామన్నది ధరలతో కాదు, మిగతా ఉద్యోగుల సగటుతో. ఆ సగటును తేల్చే బేరాల్లోనూ అవతలి పక్షం అదే ప్రభుత్వం.

నల్లబల్ల:
అది సాంకేతిక సమస్య. ధరల సూచికి ముడిపెట్టమని అడగొచ్చుగా! దానికి ఒప్పందమే వద్దనడం ఎందుకు?

చట్టంచదువు:
నల్లబల్ల గారూ, మీరు కథ 2013 నుంచి చెబుతున్నారు. పదేళ్లంటే ఆ టీచర్లు ఎందుకు ఉలిక్కిపడ్డారో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

1998లో ఆ సంఘం జీతాల పెంపు దాదాపు వదిలేసుకుంది. బదులుగా చిన్న తరగతుల్లో పిల్లల సంఖ్యకు పరిమితి సాధించుకుంది. తరగతికి ఎంతమంది ఉండాలి, ప్రత్యేక సాయం కావలసిన పిల్లలు అందులో ఎందరు, లైబ్రరీకి, కౌన్సెలింగ్‌కు ఎంతమంది టీచర్లు ఉండాలి, ఇవన్నీ ఒప్పందంలో రాసి ఉండేవి. 2002 జనవరిలో కొత్త ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి ఆ క్లాజులన్నీ ఒక్క దెబ్బతో కొట్టేసింది. ఇకముందు వాటి గురించి బేరమే ఆడకూడదని కూడా అందులోనే రాసింది. జీతం వదులుకుని కొనుక్కున్నది పోయింది, వదులుకున్న జీతం తిరిగి రాలేదు.

సంఘం కోర్టుకెళ్లింది. 2011లో బ్రిటిష్ కొలంబియా సుప్రీం కోర్టు (పేరు అలా ఉన్నా, అది రాష్ట్రంలో కేసులు మొదట విచారించే కోర్టు) జడ్జి సుసాన్ గ్రిఫిన్ ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమన్నారు, సరిదిద్దుకోవడానికి ఏడాది గడువిచ్చారు. 2012లో ప్రభుత్వం ఇంచుమించు అదే సరుకుతో ఇంకో చట్టం చేసింది. 2014 జనవరిలో ఆమె దాన్నీ కొట్టేసి, 20 లక్షల డాలర్ల నష్టపరిహారం కట్టమన్నారు. 2015లో అప్పీలు కోర్టు ప్రభుత్వం వైపు తిరిగింది, జస్టిస్ డొనాల్డ్ ఒక్కరే విభేదించారు. 2016 నవంబరు 10న కెనడా సుప్రీం కోర్టు వాదనలు విన్న రోజే 7-2తో తీర్పు చెప్పేసింది: డొనాల్డ్ రాసిందే సరైనది. ఆ తర్వాత, 2017 మార్చిలో, పాత క్లాజులను తిరిగి అమలు చేయడానికి సుమారు 2,600 మంది టీచర్లను నియమించాలని ఒప్పందం కుదిరింది.

2002 సెప్టెంబరులో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు 2014 జూన్‌లో పన్నెండో తరగతి ముగించాడు. వాడికి ఆ తీర్పు వల్ల ఒరిగిందేమీ లేదు. కోర్టులో గెలిచినా పోయిన ఏళ్లు పోయినట్టే.

కాబట్టి నేను చూసేది ఏళ్ల సంఖ్య కాదు. సంతకం పెట్టే ఇద్దరిలో ఒకరి చేతిలో చట్టం చేసే అధికారం ఉంది. రేపు నచ్చకపోతే బేరంలో అవతలి మనిషే ఆట నియమాలు మార్చేయగలడు. అలాంటి పక్షంతో మూడేళ్ల ఒప్పందం చేసుకుంటే మూడేళ్లకు ఒకసారైనా అడిగే హక్కు ఉంటుంది. పదేళ్లకు చేసుకుంటే అదీ పోతుంది. మరో సరదా సంగతి, 2002లో విద్యాశాఖ మంత్రి, 2013లో పదేళ్ల ప్రతిపాదన పెట్టిన ప్రీమియర్ ఒక్కరే: క్రిస్టీ క్లార్క్. (ప్రీమియర్ అంటే అక్కడ మన ముఖ్యమంత్రి లాంటివారు.) టీచర్లకు జ్ఞాపకశక్తి ఎక్కువ మరి.

ఆవలిగట్టు:
అందరూ ఒకే పాట పాడుతున్నారు కనుక నేను ఇంకో వైపు నుంచి మాట్లాడతాను. తరగతిలో 22 మంది ఉండాలా 30 మంది ఉండాలా అన్నది ప్రజలెన్నుకున్న ప్రభుత్వం తేల్చాలా, లేక ఒక సంఘమూ, కొందరు అధికారులూ తలుపులేసుకుని తేల్చాలా? పిల్లల సంఖ్య తగ్గించడమంటే కొత్త టీచర్లు, కొత్త గదులు. అంటే బడ్జెట్. ఆ డబ్బు ఆసుపత్రికి వెళ్లాలా బడికి వెళ్లాలా అన్నది ఎన్నికల్లో తేలాల్సిన విషయం. ఇంగ్లండులో 1991 నుంచి టీచర్ల జీతాల మీద ప్రభుత్వానికి సిఫార్సు చేసే పని ఒక సమీక్షా సంఘానిది. బేరం లేదు. అక్కడేమీ ఆకాశం కూలిపోలేదే!

చట్టంచదువు:
ఆకాశం కూలలేదు, సమ్మెలూ ఆగలేదు. 2023లో అక్కడి టీచర్లు పలుమార్లు సమ్మె చేశాకే 6.5 శాతం పెంపు వచ్చింది. వెస్ట్ వర్జీనియాలో టీచర్లకు బేరమాడే చట్టబద్ధమైన హక్కే లేదు. అయినా 2018లో 55 కౌంటీల్లోనూ తొమ్మిది పనిదినాలు బడులు మూతపడ్డాయి, 5 శాతం పెంపు తీసుకునే వెనక్కి వెళ్లారు. బేరమాడే బల్ల తీసేస్తే గొడవ బల్ల మీంచి వీధిలోకి వెళ్తుంది, అంతే తేడా.

ఆవలిగట్టు:
అది నా ప్రశ్నకు జవాబు కాదండీ. గొడవ వస్తుందని భయపడి బడ్జెట్ అధికారం అప్పజెప్పాలా?

మధ్యేమార్గం:
ఆవలిగట్టు గారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. కానీ తరగతిలో పిల్లల సంఖ్య ఏకకాలంలో రెండూనూ. ఖజానాకు అది ఖర్చు. టీచరుకు అది రోజూ చేసే పని, దిద్దే పేపర్లు, ఇంటికి మోసుకెళ్లే పని. ఈ రెండింటి మధ్య గీత గీయడం ఎవరి వల్లా కాలేదు.

నేను చెప్పదలచుకున్నది వేరు. ఒప్పందంలో ఎన్నేళ్లని రాశారో చూస్తున్నారు గానీ, తప్పించుకునే క్లాజు ఎక్కడుందో చూడటం లేదు. లాస్ ఏంజిలిస్ ఒప్పందంలో 1.5 అని ఒక సెక్షన్ ఉండేది. ఆర్థిక పరిస్థితి బాగోలేదనుకుంటే పిల్లల పరిమితిని అక్కడి బడులు నడిపే సంస్థ పక్కన పెట్టేయొచ్చు. అంటే పరిమితి ఉన్నట్టూ, లేనట్టూ. 2019 జనవరిలో ఆరు రోజులు సమ్మె చేసి దాన్ని తీసేయించుకున్నారు. జీతం మీద అప్పటికే పెద్ద తేడా లేదు, 6 శాతం దగ్గర ఇద్దరూ ఉన్నారు. కొట్లాడింది ఆ సెక్షన్ మీద, ప్రతి బడికీ రోజూ ఉండే నర్సు మీద.

చికాగోలో 2011లో ఒప్పందం ప్రకారం రావలసిన 4 శాతం పెంపును డబ్బుల్లేవని బోర్డు రద్దు చేసింది. అలా చేయడానికి ఒప్పందంలోనే సందు ఉంది. 2019లో అక్కడా ఇదే తగువు: మేయరు ఐదేళ్లు అన్నారు, సంఘం మూడేళ్లు అంది. 11 పనిదినాల సమ్మె తర్వాత ఐదేళ్లకే ఒప్పుకున్నారు. ఎందుకంటే ప్రతి బడికీ ఒక నర్సు, ఒక సోషల్ వర్కర్, కిక్కిరిసిన తరగతులకు ఏడాదికి మూడున్నర కోట్ల డాలర్లు, ఇవన్నీ కాగితం మీదికి వచ్చాయి. కాలాన్ని అమ్మొచ్చు, మంచి ధర పలికితే.

నల్లబల్ల:
నేను అన్నదీ అదే కదా. పదేళ్లకు మంచి ధర అడగండి.

చట్టంచదువు:
ఐదేళ్లకూ పదేళ్లకూ పోలికేమిటండీ. ఐదేళ్లలో ప్రభుత్వం ఒకసారి మారుతుంది. పదేళ్లలో రెండుసార్లు మారొచ్చు, పాత మాట తమది కాదనడానికి రెండు అవకాశాలు.

కోర్టు కాపాడుతుందనుకునేవాళ్లు 2025 అక్టోబరులో కెనడాలోనే మరో రాష్ట్రం అల్బర్టాలో ఏం జరిగిందో చూడండి. 51,000 మంది టీచర్లు సమ్మెలో ఉన్నారు, ప్రధాన కోరికల్లో ఒకటి తరగతుల్లో రద్దీ తగ్గించడం. నాలుగేళ్లకు 12 శాతం పెంపు ఉన్న ఒప్పందాన్ని అంతకు ముందే ఓటు వేసి తిరస్కరించారు. అదే ఒప్పందాన్ని ప్రభుత్వం చట్టం చేసి వాళ్ల మీద రుద్దింది. పైగా కెనడా రాజ్యాంగంలోని హక్కుల పత్రంలో ఉన్న 33వ సెక్షన్ వాడుకుంది. దాంతో హక్కులకు భంగం కలిగిందన్న కారణం మీద కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసే దారి మూసుకుపోయింది. బ్రిటిష్ కొలంబియా టీచర్లకు పద్నాలుగేళ్లకైనా కోర్టు దిక్కయింది, వీళ్లకు ఆ ఆశ కూడా అంతంత మాత్రమే.

కూడికలు_తీసివేతలు:
సరే, మరి మీరు ఏ షరతుల మీద పదేళ్లకు సంతకం పెడతారు? ఊరికే వద్దంటే చర్చ ముందుకు సాగదు.

చట్టంచదువు:
జీతం ధరల సూచితో పాటు నడవాలి. మూడో ఏట, ఆరో ఏట తరగతుల పరిమాణం, సిబ్బంది మీద మాత్రం మళ్లీ కూర్చోవాలి, తేలకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి చెప్పిందే చెల్లాలి. ఒప్పందంలోని ఏ క్లాజునైనా చట్టంతో మారిస్తే ఆ రోజే మొత్తం ఒప్పందం రద్దై సమ్మె హక్కు తిరిగి రావాలి. ఈ చివరిది లేకుండా నేనైతే పెన్ను ముట్టుకోను.

ఆవలిగట్టు:
ఏ ఆర్థిక మంత్రీ దానికి ఒప్పుకోడు. మధ్యలో ఎప్పుడైనా తెగిపోగలిగే పదేళ్ల ఒప్పందంతో అతనికి ఏం లాభం?

చట్టంచదువు:
తెగేది అతను చట్టం చేస్తేనే. చేసే ఉద్దేశం లేకపోతే ఆ క్లాజుతో ఇబ్బందేమిటి?

నల్లబల్ల:
రేపు నిజంగా ఆర్థిక మాంద్యం వస్తే? అప్పుడు చట్టం చేయక తప్పదనుకోండి, బడులు మూసుకోవాలా? దానికి మీ క్లాజులో చోటేది?