ఏడో తరగతి పాపకి ఆకాశం మీద ఇష్టం పుట్టింది. టెలిస్కోప్ కొనాలా, ముందు ఇంకేమైనా చేయించాలా?

బొబ్బిలి అమ్మ:

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి. మా అమ్మాయి ఏడో తరగతి. ఈ అక్టోబరు మొదట్లో వాళ్ళ మావయ్యతో అరసవల్లి సూర్యదేవాలయానికి వెళ్ళింది. పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడటం చూసొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్నలు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు పడతాయి? మార్చి, అక్టోబరే ఎందుకు, జనవరి ఎందుకు కాదు? నేను చదివింది బీకాం, చెప్పలేకపోతున్నాను. స్కూల్లో అడిగితే సిలబస్‌లో లేదన్నారట.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే టెలిస్కోప్‌లు కనిపిస్తున్నాయి, అట్టపెట్టె మీద శని వలయాల బొమ్మ వేసి మరీ. కొనేద్దాం అంటారు మావారు. నాలుగు రోజులు చూసి అటక మీద పెట్టేస్తుందేమోనని నా టెన్షన్. ఫిజిక్స్ అంటే సూత్రాలు బట్టీ పట్టడమే అని దానికి అనిపించక ముందే ఏదో ఒకటి చెయ్యాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

నాగావళి మాస్టారు:

అమ్మా, నేను శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు పిల్లలకి ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. టెలిస్కోప్ ఇప్పుడే వద్దు. మీ పాప అడిగిన ప్రశ్న చాలా గొప్పది. ముందు దాని జవాబు తననే వెతకనివ్వండి. అందుకు తూర్పు దిక్కు బాగా కనపడే డాబా, ఒక నోట్సు, ఒక పెన్సిలు చాలు.

డాబా మీద ఒకచోట సున్నంతో గుర్తు పెట్టండి. ప్రతి ఆదివారం తెల్లవారుతుండగా అక్కడే నిలబడి, సూర్యుడు ఏ కొబ్బరిచెట్టు పక్కనుంచి, ఏ సెల్ టవర్ పక్కనుంచి వస్తున్నాడో బొమ్మ గీసుకోవాలి. అంచు కనపడగానే గుర్తు పెట్టేసుకుని చూపు తిప్పేసుకోవాలి, కళ్ళు జాగ్రత్త. ఇప్పట్నుంచి డిసెంబరు దాకా ఆ చోటు వారం వారం కుడివైపుకి, అంటే దక్షిణానికి జరుగుతుంది. డిసెంబరు 21 ప్రాంతంలో ఆగి వెనక్కి మళ్ళుతుంది. జూన్ 21కి ఎడమ చివరికి చేరుతుంది. మన జిల్లాల అక్షాంశం సుమారు 18 డిగ్రీలు. ఇక్కడ ఆ చివర నుంచి ఈ చివరికి దాదాపు 50 డిగ్రీలు ఉంటుంది. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. అంటే అయిదు పిడికిళ్ళు. పాప తన పిడికిలితోనే కొలవచ్చు.

సూర్యుడు సరిగ్గా తూర్పున లేచేది మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతాల్లోనే. అరసవల్లిలో కిరణాలు పడేది మార్చి 9, 10 తేదీల్లో, మళ్ళీ అక్టోబరు 1, 2 తేదీల్లో. లెక్క వేయించండి. ఒకటి మార్చి 20కి పది రోజుల ముందు, రెండోది సెప్టెంబరు 23 తర్వాత ఇంచుమించు అన్నే రోజులకి. రెండుసార్లూ సూర్యుడు తూర్పుకి సుమారు మూడు నాలుగు డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు. అక్టోబరులో దక్షిణానికి పోతూ ఆ చోటు దాటుతాడు, మార్చిలో ఉత్తరానికి వస్తూ దాటుతాడు. జనవరిలో బాగా కుడికి వెళ్ళిపోయి ఉంటాడు కాబట్టి ఆ కిరణం గర్భగుడి దాకా రాదు. కానీ ఇదంతా పాపకి ఇప్పుడే చెప్పేయకండి. బొమ్మలు గీసుకుంటూ పోతే మార్చికి తనే చెబుతుంది.

కళింగపట్నం కుర్రాడు:

మాస్టారి మాటే నా మాట కూడా. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 50 మి.మీ.) కొనండి. చవక టెలిస్కోప్‌లకి స్టాండు గట్టిగా ఉండదు, ముట్టుకుంటే చాలు చంద్రుడు పక్కకి పోతాడు. పిల్లలకి విసుగొచ్చేది అక్కడే. బైనాక్యులర్‌ని పిట్టగోడ మీద ఆనించి గురుగ్రహాన్ని చూస్తే పక్కన ఒకే వరసలో చిన్న చుక్కలు కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామలు అవే. వరసగా కొన్ని రాత్రులు వాటి బొమ్మ గీస్తే, అవి తిరుగుతున్నాయని ఎవరూ చెప్పక్కర్లేదు. చంద్రుణ్ణి మాత్రం పున్నమి నాడు కాకుండా సప్తమి, అష్టమి రోజుల్లో చూపించండి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల నీడలు పొడుగ్గా పడి బాగా తెలుస్తాయి.

సెలవుల్లో మా ఊరు తీసుకురండి. ఇసుకలో నిలబడితే పెద్దవాళ్ళకి సముద్రం అంచు కనపడేది నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే. ఇరవై మీటర్ల ఎత్తు ఎక్కితే అది పదహారు కిలోమీటర్లు అవుతుంది. దూరం పోయే పడవకి ముందు కింది భాగం మునిగి, తెరచాప కొస ఆఖర్న మాయమవుతుంది. భూమి గుండ్రమని పుస్తకంలో చదవడం వేరు, అది చూడటం వేరు. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ వస్తుందని మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఎందుకో పాపని అడగండి.

చీపురుపల్లి రైతు:

నాదొక చిన్న మాట. రోహిణి కార్తె అంటాం కదా, మే నెలాఖరు ఎండలు. ఆ రోజుల్లో రోహిణి నక్షత్రం ఆకాశంలో కనపడదు. సూర్యుడు దాని దగ్గరే ఉంటాడు, పగటి వెలుగులో కలిసిపోతుంది. అదే డిసెంబరులో చీకటి పడ్డాక తూర్పున చూడండి, ఎర్రగా మెరుస్తుంటుంది. దానికి కాస్త పైన గుత్తిలా ఉండేది పిల్లలకోడి, కృత్తికలు. కార్తీక పున్నమికి చంద్రుడు ఆ దగ్గరికే వస్తాడు, అందుకే ఆ నెలకి ఆ పేరు. మా గుంటలకి క్యాలెండర్ చూపించి నక్షత్రాలు నేర్పాను, బాగా పట్టుబడ్డాయి.

బొబ్బిలి అమ్మ:

చాలా థాంక్సండీ అందరికీ. మాస్టారూ, చెప్పొద్దన్నారు గానీ కొంచెం చెప్పేశాను, ఆగలేకపోయింది. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. సూర్యుడు మెల్లగా జరుగుతాడు కదా, మరి ఆ కిరణాలు రెండు మూడు రోజులకే ఎందుకు ఆగిపోతాయి, నెలంతా ఎందుకు పడవు అంటోంది.

నాగావళి మాస్టారు:

ఆ పాపని నా ఆశీర్వాదం అని చెప్పండమ్మా. మార్చి, సెప్టెంబరు నెలల్లో ఉదయించే చోటు రోజుకి 0.4 డిగ్రీలు జరుగుతుంది. మన కంటికి సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. అంటే రోజుకి ఇంచుమించు తన వెడల్పంత పక్కకి జరిగిపోతున్నాడు. వాకిళ్ళు దాటి లోపలికి రావాల్సిన కిరణానికి ఆ తేడా చాలా ఎక్కువ. అదే డిసెంబరు 21కి ముందు అయిదు రోజుల్లో కలిపి జరిగేది డిగ్రీలో పదో వంతే. ఉయ్యాల మధ్యలో జోరుగా పోయి, చివర్లలో ఆగి తిరిగినట్టు.

ఉయ్యాల దగ్గరే ఫిజిక్స్ మొదలుపెట్టండి. ఒక మీటరు దారానికి రాయి కట్టి ఊపితే, వెళ్ళి రావడానికి రెండు సెకన్లు. ఇరవై ఊపులు లెక్కపెడితే నలభై సెకన్లు. రాయి తీసి తాళంకప్ప కట్టినా అంతే, దారం పొడవు మారకుండా చూసుకోవాలి. దారాన్ని పావు మీటరు చేస్తే సగం టైమే పడుతుంది. ఈ లెక్క చేతికొచ్చిన పిల్లలు పెద్ద క్లాసుల్లో లోలకం సూత్రాన్ని బట్టీ పట్టరు, చూడగానే గుర్తుపడతారు. నా క్లాసులో ఏటా చూశాను.

మన ప్రాంతంలో ఈ పని కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే ఆకాశాన్ని గమనించడానికి సొంత వేధశాల కట్టించుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే గమనించారు. పాపకి ఆ పేర్లు తెలియాలి.

ఈ ఆదివారానికి ఒక పని. చిన్న అద్దానికి కాగితం అంటించి, మధ్యలో అరసెంటీమీటరు కన్నం పెట్టండి. ఎండలో దాన్ని కదలకుండా ఆనించి, ఆ వెలుగు పది మీటర్ల దూరాన చీకటి గదిలో గోడ మీద పడేలా తిప్పండి. గుండ్రంగా పడేది సూర్యుడి బొమ్మే. దాని వెడల్పు కొలిచి, అందులోంచి కన్నం వెడల్పు తీసేయండి. అద్దం నుంచి గోడకి ఉన్న దూరాన్ని ఆ మిగిలినదానితో భాగిస్తే 107 దగ్గర్లో రావాలి. సూర్యుడు మనకి 15 కోట్ల కిలోమీటర్ల దూరం. దాన్ని 107తో భాగిస్తే సూర్యుడి వ్యాసం, సుమారు 14 లక్షల కిలోమీటర్లు. అద్దంలోకి గానీ సూర్యుడి వైపు గానీ చూడనివ్వకండి, బైనాక్యులర్ కొంటే పగలు తాళం వేసి ఉంచండి. పాపకి ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి. 107కి బాగా దూరంగా వస్తే గోడ ఏటవాలుగా ఉందేమో చూద్దాం.