«వాడే», «వాని మాదిరే»: సాక్షి అన్నదేంది, రికార్డుకెక్కిందేంది?

కడప, అనువాదకుడు:
కోర్టు తెలుగులో «గుర్తించితిని» అనే ఒక్క క్రియ మూడు పనులు మోస్తోంది. తెలిసిన మనిషిని ఫలానా అని చెప్పడం. ముందెన్నడూ చూడని వాణ్ణి జైల్లో వరసలోంచి ఏరడం. బోనులో నిలబడినోణ్ణి వేలితో చూపడం. మన సీమ సాక్షి మాత్రం «ఎరుకైనోడే», «ఆనవాలు పట్టినా», «ఆ మాదిరే ఉండాడు» అని విడివిడిగానే అంటాడు. అన్నిటికీ «గుర్తించు» సరిపోతుందా?

ఆదోని, క్రిమినల్ న్యాయవాది:
చాలదు సార్. «ఎరుక» ఉన్నచోట గుర్తింపు పరేడ్ (అనుమానితుణ్ణి వేరేవాళ్లతో కలిపి వరసలో నిలబెట్టి, సాక్షిని చూపమనడం) పనే లేదు. ఎఫ్ఐఆర్‌లోనే పేరు చెప్పినోడు పరేడ్‌లో మళ్లీ వేలు చూపితే కొత్తగా తేలేదేమీ ఉండదు. అక్కడ అడగాల్సింది వెలుతురు ఎంత, దూరం ఎంత, మొగం ఎంతసేపు కనపడింది అని. ఎరుక ఉందని తప్పు జరగదనుకోవద్దు. బాగా తెలిసిన బంధువుల్ని, స్నేహితుల్ని కూడా జనం పొరబడతారని 1976లో ఇంగ్లండ్ కోర్టు టర్న్‌బుల్ తీర్పులో చెప్పింది.
పరేడ్ కావాల్సింది కొత్త మొగానికే. అయినా అది అసలు సాక్ష్యం కాదు, కోర్టులో ఇచ్చే వాంగ్మూలానికి ఊతం మాత్రమే. పాత సాక్ష్య చట్టం 9వ సెక్షన్ కింద నడిచేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 7వ సెక్షన్.

అనంతపురం, తెలుగు లెక్చరర్:
«ఆనవాలు» అంటే మనిషి కాదు, మనిషి మీదుండే గుర్తు. పెదవి మీద గాటు, కుంటి నడక, చెవి పోగు. కాబట్టి «ఆనవాలు చెప్పినాడు», «మనిషిని చూపించినాడు» రెండు వేర్వేరు వాక్యాలు కావాలి.

ఆదోని, క్రిమినల్ న్యాయవాది:
క్రిమినల్ కోర్టులు పాటించాల్సిన నియమాలు, మన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్, వాటిలో 34వ రూలు అడిగేదీ అదే మేడం. వరస దగ్గరికి పోకముందే మేజిస్ట్రేటు సాక్షిని రెండు అడగాలి: ఈ మనిషి నీకు ముందే తెలుసా? ఏ ఆనవాళ్లతో గుర్తుపడతావు? ముందు అడగకుంటే, వరసలో చూసిన గాటునే సాక్షి జ్ఞాపకంలోంచి వచ్చినట్టు చెప్పేస్తాడు. తనకు తెలియకుండానే.
మిగతా షరతులూ అట్లాంటివే. పక్కన నిలబెట్టేవాళ్లు వయసు, ఎత్తు, రూపం, స్థితిలో అనుమానితునికి దగ్గరగా ఉండాలి. ఎక్కడ నిలబడాలో అతన్నే ఎంచుకోనివ్వాలి. సాక్షుల్ని ఒక్కొక్కరినే పిలవాలి, చూసొచ్చినోడు బయట కాచుకున్నోళ్లతో మాట్లాడకూడదు. సాక్షికీ సాక్షికీ మధ్య వరస మారిస్తే మంచిది. పక్కన ఆరుగురుంటే ఊరికే వేలు చూపినా ఏడింట ఒకసారి తగులుతుంది. ఇద్దరే ఉంటే మూడింట ఒకసారి. గడ్డాలు లేని ఆరుగురి మధ్య ఒక గడ్డపాయన్ని నిలబెడితే ఆ లెక్కా ఉండదు.
పోలీసులు అక్కడ ఉండకూడదు. వాళ్ల ముందర సాక్షి చేసిన గుర్తింపు పోలీసుకిచ్చిన వాంగ్మూలం కిందికి వస్తుందని, అంటే కోర్టులో రుజువుగా నిలవదని, 1954లో సుప్రీంకోర్టు చెప్పింది. కడప సెంట్రల్ జైల్లో ఎంత పద్ధతిగా జరిపినా, అరెస్టు నాడు ముసుగు లేని ఫొటో వాట్సాప్‌లో తిరిగి ఉంటే సాక్షి గుర్తుపట్టేది ఫొటోనే.

ప్రొద్దుటూరు, పాఠకుడు:
సాక్షిని ఏమని అడగాలి మరి? «వీళ్లలో ఎవరు?» అంటే చాలదా?

అనంతపురం, తెలుగు లెక్చరర్:
అదే చెడ్డ ప్రశ్న. «ఎవరు» అన్నప్పుడే వాడు వరసలో ఉన్నాడని చెప్పేసినట్టు. సాక్షి ఉన్నోళ్లలో దగ్గరగా తోచినోణ్ణి ఏరుతాడు. «ఆ రోజు చూసిన మనిషి వీళ్లలో ఉన్నాడా, లేడా? లేకపోవచ్చు కూడా» అనాలి. చివరి ముక్క తప్పకుండా అనాలి.
ప్రశ్నలో మాటకు ఎంత బలముందో 1974లో అమెరికాలో లాఫ్టస్, పామర్ చూపించారు. కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపి వేగం అడిగారు. నుజ్జయ్యేట్టు గుద్దుకున్నాయనే అర్థమొచ్చే క్రియ వాడితే సగటు అంచనా గంటకు 40.8 మైళ్లు, తగిలాయనే క్రియకు 31.8.

కడప, అనువాదకుడు:
మరి «మాదిరే ఉండాడు»?

అనంతపురం, తెలుగు లెక్చరర్:
«వాడే»లోని ఏత్వం నిశ్చయం చెబుతుంది. «మాదిరే»లోనూ ఏత్వముంది కానీ అది నొక్కేది పోలికను, మనిషిని కాదు. రెంటినీ «గుర్తించితిని» అని రాస్తే సాక్షి అనుమానం కాగితం మీద చచ్చిపోతుంది. నెలల తర్వాత ఆ కాగితం చూసి «నువ్వు ఆనాడే గుర్తుపట్టినావు కదా» అంటే, సాక్షి కూడా «అవును, వాడే» అంటాడు. పరేడ్ అయినాక «బాగా చెప్పినావు» అని ఒక్క మాటన్నా అంతే, ధైర్యం పెరుగుతుంది, జ్ఞాపకం కాదు.

ఆదోని, క్రిమినల్ న్యాయవాది:
«ఉండాడు»ను «ఉన్నాడు» చేసినా నాకు అభ్యంతరం లేదు, యాసతో కేసు మారదు. «మాదిరి» మాత్రం పోకూడదు. పరేడ్ ప్రొసీడింగ్స్‌లో సాక్షి మాటను కొటేషన్‌లో ఉన్నదున్నట్టు రాయాలి, పక్కన ఎంతసేపు చూసి చెప్పినాడో రాయాలి. కోర్టు వాంగ్మూలమైతే చదివి వినిపించేటప్పుడు (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్పీసీ, 278వ సెక్షన్) సాక్షి «నేనట్ల అనలేదు» అంటే దిద్దవచ్చు, లేదా ఆ అభ్యంతరాన్ని నోటు చేయాలి. చాలాచోట్ల ఆ చదవడం ఇంగ్లీషులోనో, గడగడానో అయిపోతుంది. అప్పుడు లేచి ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో మళ్లీ చదవమనడం లాయరు పని.